పగ్గం పట్టిన చెయ్యి
(పల్లె వైపు నుంచి – 14)



ఈ వారం హాస్టల్ మెస్సుల గురించి రాస్తానని పోయిన భాగంలో మాట ఇచ్చాను. అది వచ్చే వారం. ఈ వారం ఒక సంస్మరణ సభ గురించి రాయాలి. నాలుగు రోజులుగా అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మాది ఒంగోలు వైపు ఊరు. మా ఊరి కామందు ఈ మధ్య చనిపోయాడు. ఎనభై దాటిన మనిషి. కొడుకు, కూతురు, అల్లుడు ముగ్గురూ ఇక్కడ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. పెద్దకర్మ ఊళ్లో చేశారు. ఊరికి రాలేని బంధువుల కోసం, స్నేహితుల కోసం కొండాపూర్‌లో ఒక హాలు తీసుకుని సంస్మరణ సభ పెట్టారు. నాకూ ఫోన్ వచ్చింది.

"అన్నా, మీ నాన్నగారిని కూడా తీసుకురండి. మా నాన్నగారి దగ్గర చాలా ఏళ్లు ఉన్నారు కదా" అన్నాడు కొడుకు.

దగ్గర ఉన్నారట! పద్దెనిమిదేళ్లు పాలేరుగా జీతం ఉండటాన్ని ఇప్పుడు ఇలా అంటున్నారన్నమాట.

నేను వెళ్లొద్దన్నాను. మా నాయన వినలేదు. "చినబాబు నోరు తెరిచి పిలిచాక పోకపోతే ఏం బాగుంటదిరా" అని ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తీసుకెళ్లాను.

హాల్లో వేదిక వెనక గోడంతా ఫ్లెక్సీ. "ఆదర్శ పశుపోషకులు" అని పెద్ద అక్షరాలు. కింద పాత ఫోటోను పెద్దది చేసి వేశారు. ఏదో పశుప్రదర్శనలో బహుమతి వచ్చిన రోజు. పాలనురగ లాంటి ఒంగోలు గిత్త, ఎత్తుగా మూపురం, పక్కన తలపాగా చుట్టిన కామందు, చేతిలో కప్పు. గిత్త ముకుతాడు నుంచి పగ్గం ఎడమ పక్కకు సాగి ఫ్లెక్సీ అంచు దగ్గర ఒక చేతిలో ఆగింది. మోచేతి దాకా చెయ్యి. ఆ పైన మనిషి లేడు. కత్తిరించేశారు.

ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది.

మా నాయన చూపుడువేలు చొప్ప నరికే కత్తి కింద పోయింది. నేను పుట్టక ముందు సంగతి. చిన్నప్పుడు ఆ సగం వేలు పట్టుకునే నేను నడక నేర్చుకున్నాను. ఎక్కడున్నా గుర్తుపడతాను.

నేను మా నాయన వైపు చూశాను. ఆయన ఫ్లెక్సీ వైపు చూస్తున్నాడు. కాసేపయ్యాక నా చెవి దగ్గరకు వంగి, "గిత్త బలే పడిందిరా ఫోటోలో" అన్నాడు.

*

ఎనిమిది మంది మాట్లాడారు. పశువుల భాష తెలిసిన మనిషి అన్నారు. జాతిని కాపాడిన మనిషి అన్నారు. అర్ధరాత్రి ఆవు ఈనుతుంటే లాంతరు పట్టుకుని కూర్చునేవాడని కూతురు ఏడుస్తూ చెప్పింది. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. లాంతరు ఆయనే పట్టుకునేవాడు. అడ్డం తిరిగిన దూడను మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి సరిచేసింది ఎవరు? ఆ మాట ఆ అమ్మాయికి తెలియదు. తెలియకుండా పెంచారు.

ఎనిమిది మందిలో ఒక్కరి నోటా "పాలేరు" అన్న మాట రాలేదు. హాల్లో మూడో వరసలో పాలేరు కూర్చునే ఉన్నాడు.

వెంటనే ఒక మాట వస్తుందని నాకు తెలుసు. పోయినవాళ్ల గురించి చెడ్డగా రాయకూడదంటారు. నేను ఆయన్ని తిట్టడానికి రాయడం లేదు. ఆ మనిషికి గొడ్లంటే నిజంగానే ప్రాణం. ఊరు ఊరంతా ట్రాక్టర్లకు మారిపోయినప్పుడు కూడా ఆయన గిత్తల్ని అమ్ముకోలేదు. లెక్క చూసుకుంటే నష్టమే, అయినా సాకాడు. ఆ గౌరవం ఆయనకు చెల్లాలి. నా తగాదా ఆయనకు దక్కిన గౌరవంతో కాదు. ఆ గౌరవాన్ని ఎక్కడ కత్తిరించారన్న దానితో.

ఒంగోలు గిత్త మామూలు గొడ్డు కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి అక్కడ దాని పేరు "నెలోర్" అయింది. ఇవాళ బ్రెజిల్ మాంసం పరిశ్రమకు వెన్నెముక ఆ నెలోర్ జాతే. 1960ల మొదట్లో మన కరవది నుంచి వెళ్లిన గిత్తను అక్కడ ఊరి పేరుతోనే "కర్వాడి" అని పిలిచారు. నెలోర్ వంశావళిలో అది పెద్ద పేరు. వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ మన లెక్కలో సుమారు 40 కోట్ల రూపాయలు పలికిందని 2025 ఫిబ్రవరిలో తెలుగు పేపర్లు, టీవీలు ఊదరగొట్టాయి. విలేకర్లు కరవది వెళ్లారు. మాజీ సర్పంచ్ పోలవరపు చెంచురామయ్య గారు ఆనాటి గిత్త అమ్మకం గురించి చెప్పారు. చెప్పాల్సిందే. ఆ తరం పశుపోషకుల నేర్పు గురించి ఆ మాత్రమైనా పేపర్లో పడినందుకు నేనూ సంతోషించాను.

నా ప్రశ్న ఒక్కటే. వందేళ్లకు పైగా ఈ జాతిని సాకిన గొడ్లచావిళ్లలో రోజూ పేడ ఎత్తినవాళ్లు, మేపినవాళ్లు, కడిగినవాళ్లు, పురుడు పోసినవాళ్లు ఎవరు? గిత్త పేరు బ్రెజిల్ రికార్డుల్లో ఉంది. యజమాని పేరు పేపర్లో ఉంది. పగ్గం పట్టినవాడి పేరు ఎక్కడుంది?

*

పాలేరు పని ఏమిటో ఈ తరం విద్యార్థులకు తెలియదు. చెబుతాను.

తొలికోడి కూయకముందే చావిట్లో ఉండాలి. పేడ తీసి, కసువు ఊడ్చి, పెంటకుప్పకు మొయ్యాలి. చొప్ప నరికి వెయ్యాలి. తవుడు, తెలగపిండి కలిపి కుడితి పెట్టాలి. పందెపు గిత్తలకైతే ఉలవలు ఉడకబెట్టాలి, పత్తిగింజలు రుబ్బాలి. ఆ ఉలవల వాసనకు కడుపులో పేగులు అరిచేవని మా నాయన నవ్వుతూ చెబుతాడు. గిత్త తినే ఉలవల్లో పాలేరు దోసెడు నోట్లో వేసుకుంటే దొంగతనం. వేసుకోకుండా ఉడకబెట్టడం విశ్వాసం. ఎనిమిది మంది వక్తల్లో ఒకాయన "నమ్మకమైన మనుషుల్ని పెట్టుకునేవారు" అన్నాడే, ఆ నమ్మకం ఇదే.

పేడ చూసి గొడ్డుకు జీర్ణం ఎలా ఉందో చెప్పేవాడు మా నాయన. చెవి పట్టుకుని జ్వరం చెప్పేవాడు. నడక చూసి ఏ కాలి గిట్టలో ముల్లుందో చెప్పేవాడు. గాలికుంటు వచ్చిన ఏడు పదిహేను రోజులు ఇంటికి రాలేదట. పశువుల డాక్టరు మండలానికి ఒక్కడు. మిగతా వైద్యమంతా ఈ బడి మొహం చూడని మనిషి చేతుల్లో ఉండేది.

ఈ విద్యకు ఇచ్చిన జీతం ఏడాదికి ఇన్ని బస్తాలని ధాన్యం. మా తాత పెళ్లికి తెచ్చిన అప్పు అందులోంచే కోసుకునేవాళ్లు. ఆ అప్పు ఎన్నేళ్లు కోసినా తరిగేది కాదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా నాయన జీతం కుదిరింది ఆ తర్వాతే. చట్టం వచ్చిన సంగతి కామందుకు తెలుసు. మాకు తెలియదు. తేడా అంతా అక్కడే.

ఇంకోటి కూడా చెప్పాలి. పొదుగు కడగడానికి మా నాయన చెయ్యి పనికొచ్చేది. పాలు పిండి నింపిన తపేలా ముట్టుకోవడానికి ఆ చెయ్యి పనికొచ్చేది కాదు. ఒకే చెయ్యి. పొదుగు దగ్గర శుభ్రం, తపేలా దగ్గర మైల. ఆవు శరీరానికి అంటని అంటు పాలకు ఎలా అంటుతుందో వేదం చదివినవాడెవడైనా చెబితే వినాలని ఉంది.

మరి చచ్చాక? ఊరి గొడ్డు చస్తే మోసుకుపోవాల్సింది మాదిగపల్లె. తోలు తియ్యాల్సింది మేము. తంగేడు చెక్కతో ఊనబెట్టి, ఆ తోలుతోనే చెప్పులు కుట్టాలి. బావిలోంచి నీళ్లు తోడే కపిల బాన కుట్టాలి. గిత్త మెడలో గజ్జెల పట్టెడ కుట్టాలి. ఫ్లెక్సీలో గిత్త మెడలో మెరుస్తున్న ఆ పట్టెడ మా పెద్దనాయన కుట్టింది. అంటే ఆ ఫోటోలో మా ఇంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకరు మోచెయ్యిగా, ఇంకొకరు తోలుపట్టీగా.

పుట్టుక మా చేతుల్లో, చావు మా చేతుల్లో. మధ్యలో పాలు, ఎరువు, దూడ, అరక, పందెపు కప్పు కామందువి. ఇప్పుడు సంస్మరణ కూడా ఆయనదే.

కంచ ఐలయ్య గారు ఉత్పత్తి కులాల జ్ఞానాన్ని సైన్సు అని పిలిచినప్పుడు నవ్వినవాళ్లున్నారు. గొడ్డు ఏ నరం ఎక్కడుందో తెలియకుండా తోలుకు గాటు పడకుండా ఒలవమనండి ఆ నవ్వినవాళ్లని.

*

గొడ్డుకున్న గౌరవం మనిషికి లేకపోవడం అనేది ఉపన్యాసాల్లో వాడే మాట అనుకునేవాళ్లు మా జిల్లా చరిత్ర ఒకసారి చూడండి.

1985 జూలై 16. కారంచేడు. మాదిగపల్లె తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ భూస్వాముల కుర్రాళ్లు గేదెలకు కుడితి పెట్టిన బకెట్ కడుగుతూ ఆ మురికి తాగే నీళ్లలోకి వదిలారు. ఇవి మేం తాగే నీళ్లని అడిగినందుకు కొట్టడానికి వచ్చారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె అడ్డం పెట్టింది. మర్నాడు, జూలై 17న, ఊరు పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు.

మొదలైంది ఎక్కడ? ఒక కుడితి బకెట్ దగ్గర. గేదె ఎంగిలి, మాదిగ నోరు ఒకటే అనుకున్న దగ్గర. ఆ నెత్తుటిలోంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్లు ముందు నిలబడిన దళిత మహాసభ పుట్టింది. మనం ఇవాళ ఇలా రాస్తున్నామంటే, మీరు చదువుతున్నారంటే దాని వెనక ఆ బిందె ఉంది.

అందుకే "పశువుల్ని బిడ్డల్లా చూసుకున్న సంస్కృతి" అని ఎవరైనా మైకులో అంటే నాకు వెంటనే అడగాలనిపిస్తుంది. ఒప్పుకున్నాం బాబూ, పశువుల్ని బిడ్డల్లా చూశారు. మరి బిడ్డల్ని ఎలా చూశారు?

*

సభ అయ్యాక భోజనాలు. అక్కడో కుర్రాడు పరిచయమయ్యాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. దేశీ ఆవుల ఏ2 పాలు తెప్పించుకుంటాడట, గాజుసీసాల్లో వస్తాయట. "మన మూలాల్లోకి వెళ్లాలండీ" అన్నాడు. మంచి పిల్లాడే. ఆ సీసా నిండాలంటే తెల్లారకముందే పేడ ఎవరెత్తాలో అతను ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే. మూలాల్లోకి వెళ్లాలనుకునే వాళ్లంతా పాలదాకా వెళ్లి ఆగిపోతారు. పేడదాకా ఒక్కడూ రాడు.

నిలబడ్డ నేల సంగతి కూడా చెప్పనివ్వండి. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు బండరాళ్ల మీద బంగారం పండించామన్నారు. ఇక్కడ ముందు ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోవడం ఏమిటి? పేరే చెబుతోంది కదా. కంచ గచ్చిబౌలి. తెలంగాణ తెలుగులో కంచ అంటే గొడ్లు మేసే నేల. మేపేవాడి పేరు మీద పట్టా ఉండదు. సాగు చేసిన నేలకు లెక్క ఉంటుంది, మేపిన నేలకు ఉండదు. అందుకే సర్కారు దస్త్రంలో అది ఖాళీ జాగా.

2025 మార్చి చివర్లో ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు హెచ్‌సీయూ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. మీలో చాలామంది ఆ రోజుల్లో అక్కడున్నారు. జింకల గురించి, నెమళ్ల గురించి, చెరువుల గురించి మాట్లాడాం. సరైన మాటలే. కానీ ఆ నేల పేరులో మొదటి అక్షరాలకు అర్థం ఏమిటని మనలో ఎంతమందిమి అడిగాం? నెమలికి దొరికిన సానుభూతిలో పిసరంతైనా ఆ కంచలో కర్ర పట్టుకుని తిరిగిన గొడ్లకాపరికి దొరికిందా? ఈ మాట మనల్ని మనమే అడగాలి. ఫ్లెక్సీ కత్తిరించేది కామందు కొడుకొక్కడే కాదు.

*

కొన్ని వాదనలకు జవాబు చెప్పి ముగిస్తాను.

ఒకటి. "పాత సంగతులు ఇప్పుడెందుకు?" పాతవా? 2016 జూలైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. అది గుజరాత్ అనుకుంటే, నెల తిరక్కుండా ఆగస్టులో మన అమలాపురం దగ్గర కరెంటు షాక్‌తో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరిని చెట్టుకు కట్టి కొట్టారు. గోవధ నిషేధానికి ఉమ్మడి రాష్ట్రంలో 1977 నుంచే చట్టం ఉంది. చచ్చిన ఆవు తోలు తియ్యడం ఆ చట్టంలో ఎక్కడా నేరం కాదు. అయినా దెబ్బలు పడ్డాయి. పెంచినవాడికి శాలువా, ఎత్తి పారేసినవాడికి కర్ర. ఇది ఇవాళ్టి సంగతే.

రెండు. ఇది మనవాళ్ల నుంచే వస్తుంది. "అంబేద్కర్ చచ్చిన గొడ్లను మొయ్యడం మానెయ్యమన్నాడు కదా, నువ్వు ఆ పనిని పొగుడుతున్నావేంటి?" అవును. బాబాసాహెబ్ 1927లోనే ఆ మాట అన్నాడు. ఉనా తర్వాత గుజరాత్ దళితులు కళేబరాలను సర్కారు ఆఫీసుల ముందు పడేసి "మీ తల్లి, మీరే మోసుకోండి" అన్నప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. మా నాయన చేసిన పని నా కొడుకు చెయ్యాలని నేను కోరుకోవడం లేదు. ఆ పనిని కులం పేరుతో మెడకు కట్టడం పోవాలి. కానీ ఆ పనిలో పుట్టిన తెలివి కూడా దాంతోపాటే మట్టిలో కలిసిపోవాలా? సంకెళ్లు విరగ్గొట్టమంటే, చేతిలోని విద్యను నరుక్కోమని కాదు కదా.

మూడు. "యజమానులూ కష్టపడ్డారు." పడ్డారు. రెండెకరాల రైతు తన గొడ్డును తనే కడుక్కుంటాడు. ఈ ఊళ్లోనే సదర్ చూడండి. దీపావళి తర్వాత యాదవులు దున్నపోతుల్ని అలంకరించి నారాయణగూడలో ఊరేగిస్తారు. సాకినవాళ్లే పక్కన నడుస్తారు, పండగ వాళ్లదే. నల్లటి దున్నకు హారం వేసే పండగంటే నాకు ఇష్టం. పాలేరును పెట్టుకునేంత స్తోమతు లేని ఏ పశుపోషకుడితోనూ నాకు పేచీ లేదు. పేచీ అంతా పగ్గం ఇంకొకడి చేతిలో పెట్టి కప్పు తన చేతిలో పట్టుకున్నవాడితోనే.

*

ఆ రాత్రి కామందు కొడుక్కి ఫోన్ చేశాను. అసలు ఫోటో ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఎందుకు కత్తిరించారని అడిగాను. "డిజైన్ చేసినవాళ్లు ఫ్రేమ్‌కి సరిపోలేదని కట్ చేసుంటారన్నా, నేను గమనించలేదు" అన్నాడు. అబద్ధం చెప్పలేదనే నమ్ముతున్నాను. గమనించకపోవడమే కదా అసలు జబ్బు. పగబట్టి తుడిచేస్తే పోట్లాడవచ్చు. ఫ్రేమ్‌లో పట్టలేదంటే ఎవరితో పోట్లాడాలి?

ఫోటో పంపించాడు. చూశాను. ఇరవై మూడో ఏట మా నాయన. చొక్కా లేదు. మెడలో తువ్వాలు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆయనొక్కడే గిత్త వైపు చూస్తున్నాడు, బెదురుతుందేమోనని.

కుటుంబం సంస్మరణ సంచిక వేస్తుందట. మూడు అడిగాను. ఫోటో మొత్తం వెయ్యాలి. కింద మా నాయన పేరు ఇంటిపేరుతో సహా వెయ్యాలి. ఆ చావిట్లో పని చేసిన పాలేళ్లందరి పేర్లూ ఒక పేజీలో వెయ్యాలి. ఆలోచిస్తానన్నాడు. చూద్దాం. వేసినా వెయ్యకపోయినా ఆ సంగతి ఇక్కడే రాస్తాను.

మీకు కూడా ఒక పని. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ పల్లెలో బతికున్న పాలేళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ రోగానికి ఏ ఆకు, ఏ నడకకు ఏ అర్థం, దూడ అడ్డం తిరిగితే చెయ్యి ఎటు తిప్పాలి, అన్నీ. లాం పరిశోధన కేంద్రంలో ఒంగోలు జాతి వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకున్నారు. దాచాల్సిందే. ఈ ముసలోళ్ల తెలివిని దాచడానికి మాత్రం ఎవరి దగ్గరా డబ్బా లేదు. ఆ డబ్బా మీరే.

ఫోటో మా నాయనకు చూపించాను. వేలితో గిత్తను ముట్టుకున్నాడు, ఆ సగం వేలితోనే. "దీనికి ఎడమ కంట్లో పొర ఉండేది. కామందుకు తెల్వదు. నేనే ఎవరికీ చెప్పలా, చెబితే కోతకు అమ్మేస్తాడని" అన్నాడు.

జాతిని కాపాడింది ఎవరో ఇప్పుడు మీరే చెప్పండి.

జై భీమ్.